మా అత్త పసుపుపచ్చ కారు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, కర్నూలులో నేను పనిచేసే బడికి బయల్దేరుతుండగా నాయన ఫోను చేశాడు. "అత్త పాయమ్మా" అన్నాడు. ఆ తరువాత నంద్యాల ఆసుపత్రి వరండాలో ఎవరో ఇనుప బకెట్టు ఈడుస్తున్న చప్పుడు మాత్రం ఫోనులో వినిపిస్తూ ఉంది. "నాయనా, నాయనా" అని నేను పిలవగా పిలవగా, "నిద్రలోనే పాయలే. కష్టపడలే" అన్నాడు. ఆ మాట తనకు తాను చెప్పుకున్నట్టు ఉంది.

అత్త అంటే నాయనకు అక్క. ఆళ్ళగడ్డలో టైపు నేర్పించేది. ఆ చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలు, మగపిల్లలు ఎంతోమంది ఆమె దగ్గర టైపు నేర్చుకుని ఉద్యోగాల్లో చేరారు. వాళ్ళకు ఆమె టైపు మేడం. మిగతా ఊరికి మాత్రం పసుపుపచ్చ కారు మేడం. కర్మ రోజు వచ్చినవాళ్ళు అందరూ ఆ కారు గురించే మాట్లాడుకున్నారు. వాళ్ళకు తెలిసింది కొంత, తెలియంది చాలా. అందుకే ఇది రాస్తున్నాను.

అత్తకు పసితనంలో జ్వరం వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. ఆ కాలికి ఇనుప పట్టీల బూటు, రెండు చంకల్లో రెండు కర్రలు. నంద్యాలలో మాకు కిరాణా అంగడి. నాయన, అత్త చిన్నప్పుడు బడికి కలిసి పోయేవాళ్ళట. అందరికంటే ముందు ఇంట్లోంచి బయటపడేది అత్త. దోవలో ఒక్కొక్కరే ఆమెను దాటిపోయేవాళ్ళు. "అందరికంటే ముందు బయల్దేరతా, అందరికంటే వెనక చేరతా. మధ్యలో అందరి వీపులూ చూస్తా" అని నవ్వుతూ చెప్పేది. నాయన మాత్రం ఆమెను దాటేవాడు కాదట. పక్కనే నడిచి, ఇద్దరూ ఆలస్యమైనందుకు ఇద్దరూ గోడకుర్చీ వేసేవాళ్ళట.

పెళ్ళి ప్రస్తావనలు ఒకటి రెండు వచ్చి పోయాక, తమ్ముడి ఇంట్లో ఒక మూల కూర్చోవడం ఇష్టం లేక ఆళ్ళగడ్డకు వెళ్ళిపోయింది. అప్పట్లో అక్కడ టైపు నేర్పేవాళ్ళు లేరు. ముందు గదిలో టైపు మిషన్లు, వెనక గదిలో కాపురం. నాకు తొంభైల చివర్లో ఆళ్ళగడ్డ బడిలో టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు నేనూ ఆ వెనక గదిలోనే దిగాను. పొద్దున లేస్తే మిషన్ల టకటక, రాత్రి పడుకోబోయేముందు కొబ్బరినూనె వాసన. కర్రలు పట్టి పట్టి ఆమె అరచేతులు కాయలు కాసి ఉండేవి. రోజూ నూనె రాసుకునేది. టీ సాసర్లో పోసుకుని, గడప మీద కూర్చుని, రోడ్డున పోయే బండ్ల చప్పుడు వింటూ తాగేది. తల తిప్పకుండానే "ఇది చాగలమర్రి బస్సు", "ఇది ఇసుక ట్రాక్టరు, ఖాళీగా పోతాంది" అనేది.

పిల్లలకు ఆమె చెప్పేవి రెండే ముక్కలు. "కీల వైపు చూడొద్దు మే. వేళ్ళకు తెలుసు, వాటిని నమ్ము." ఇంకోటి, "తప్పు పడిందా? పడనీ. దానికోసం మధ్యలో ఆగితే ఇంకో తప్పు పడతాది."

ఆమెకు కోపం వచ్చేది బస్సు దగ్గర. నంద్యాల బస్సు మెట్టు ఎత్తు. కర్రలు ముందు లోపలికి వేసి, కమ్మీ పట్టుకుని ఆమె తనంతట తాను ఎక్కగలదు. కానీ కాస్త సమయం పడుతుంది. అంతలో వెనకవాళ్ళు తొందరపడి చంకల కింద చేతులు వేసి ఎత్తేసేవాళ్ళు. మంచి మనసుతోనే. "నన్ను మూటలాగా ఎత్తొద్దండప్పా" అని ఆమె అరిచేది. ఎత్తడం అయ్యాక సీట్లో కూర్చుని, కిటికీ వైపు ముఖం తిప్పుకుని, దోవలో శిరివెళ్ళ దాటేదాకా నాతో కూడా మాట్లాడేది కాదు.

ఒకసారి బంధువుల పెళ్ళికి నంద్యాల వెళ్ళి తిరిగి వస్తుంటే, నూనెపల్లెలో మా ఆటో టైరు పంక్చరయింది. ఎదురుగా ఒక మెకానిక్ షెడ్డు. దాని ముందు ఉంది ఆ కారు. పసుపుపచ్చ రంగు, రెండే తలుపులు, నేలకు కరుచుకున్నట్టు ఒళ్ళంతా పొట్టిగా ఉంది. పైకప్పు లేదు, మడిచే గుడ్డ ఉంది. టైర్లు మామూలు కార్లకంటే బాగా వెడల్పు. ఆటోవాడు టైరు మారుస్తున్నంత సేపూ అత్త దాన్నే చూస్తూ ఉండి, చివరకు కర్రలు తీసుకుని దాని దగ్గరికి పోయింది.

షెడ్డు మెకానిక్‌ను అందరూ భాయ్ అనేవాళ్ళు. నాయన వయసు మనిషి. "అది రేసు బండి టీచరమ్మా" అన్నాడు, అత్త భుజానికి వేలాడే సంచిలో టైపు పుస్తకాలు చూసి. బెంగళూరులో రేసుల పిచ్చి ఉన్న ఒకాయన పాత కారును కోసి, కిందికి దించి, పెద్ద ఇంజను పెట్టి అట్లా తయారు చేసుకున్నాడట. ఆయన దగ్గర మా వైపు రైతు కొడుకు ఒకడు కొనుక్కొచ్చాడు. వాళ్ళ నాయన ఆ చప్పుడుకు కొట్టంలో ఎనుములు బెదురుతున్నాయని తిట్టి అమ్మెయ్యమన్నాడు.

అత్త కారు తలుపు తెరిచింది. ఆ తలుపు పొడుగ్గా ఉండి బారుగా తెరుచుకుంది. సీటు ఆమె మోకాలి ఎత్తు కూడా లేదు. కర్రలు బయట ఆనించి, వెనక్కి తిరిగి, మెల్లగా కూర్చుంది. చేత్తో ఎడమ కాలు పట్టుకుని లోపల పెట్టుకుంది. తరువాత కుడి కాలు. తలుపు వేసుకుంది. అంతే. ఎవరూ ఆమెను ముట్టుకోలేదు.

నేను ఆమె ముఖం చూశాను. స్టీరింగు మీద రెండు చేతులు పెట్టి, తల వంచుకుని ఉంది. తల ఎత్తినప్పుడు కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఇది ఎంత బేగా పోతాది భాయ్?"

"చానా బేగా పోతాదమ్మా. కానీ ఇది ఆడోళ్ళ బండి కాదు. పైగా క్లచ్చి ఎడమ కాలితో తొక్కాల. నీకు చూస్తే..." అని భాయ్ ఆగిపోయాడు.

"కాలు పనిచేయకపోతే చెయ్యి లేదా? పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఈ చేతులతోనే గదా బతుకుతాండా. కాలి పని చేతికి మార్చు. నీకు చేతనవుతాదా, కాదా, అది చెప్పు."

భాయ్ గడ్డం గోక్కున్నాడు. "ఇంతవరకు చేయలే. చేయకూడదని యాడా లేదు" అన్నాడు.

విషయం తెలిసి నాయన స్కూటరు వేసుకుని ఆళ్ళగడ్డకు వచ్చాడు. గడపలోనే మొదలుపెట్టాడు. "ఏందక్కా ఇది? ఊరు నవ్వుతాది. నీకు కారు కావాలంటే మామూలు కారు కొనుక్కో, డ్రైవర్ని పెట్టుకో. కాదన్యానా?"

"డ్రైవరుంటే నేను మళ్ళా మూటనే గదరా" అంది అత్త.

"రోడ్ల మీద ఏమన్నా అయితే?"

"ఇంట్లో కూర్చుంటే ఏమన్నా కాకుండా ఉండిందా నాకు?"

నాయన కోపంగా వెళ్ళి స్కూటరు ఎక్కాడు. ఎడమ చేతి పిడి నొక్కి, గేరు వేయడానికి దాన్ని తిప్పాడు. అత్త ఉన్నట్టుండి "ఆగురా!" అని కేక వేసింది. అక్క మెత్తబడిందేమో అనుకుని నాయన ఇంజను ఆపాడు. "ఇంకోసారి గేరు వెయ్యి" అంది. వేశాడు. "ఇంకోసారి." ఆమె చూపు అంతా నాయన ఎడమ చేతి మీద ఉంది. స్కూటరుకు క్లచ్చీ గేరూ రెండూ ఒకే చేతిలో ఉంటాయని ఆ రోజు ఆమెకు తట్టింది. తనతో గొడవ పక్కకు పెట్టి స్కూటరును చూస్తున్న అక్కను చూసి నాయనకు నవ్వు వచ్చింది. ఆ నవ్వుతోనే ఆయన ఓడిపోయాడు.

కారు కొన్నాక అది చాలాకాలం భాయ్ షెడ్డులోనే ఉంది. ఆ కాలమంతా మా ఇంట్లో అన్నం తినేటప్పుడు వేరే మాట లేదు. సంగటి ముద్దను గిన్నెలో పెట్టి, ఇది ఇంజను, ఇది గేరు రాడ్డు అని చెంచాలు పేర్చి చూపించేది. కారు పొట్ట మరీ కిందికి ఉంది, మన గతుకులకు తగులుతుంది, కాస్త పైకి లేపించాలి. కానీ ఎక్కువ లేపితే తను ఎక్కలేదు. కాబట్టి ఎంత లేపాలో తానే కూర్చుని చూసి చెప్పాలి. కర్రలు పెట్టుకోవడానికి సీటు వెనక కొక్కేలు కావాలి. నాయన సైలెన్సరు మార్పించి చప్పుడు తగ్గించమన్నాడు. అది మాత్రం ఒప్పుకోలేదు. "ఇన్నేండ్లూ ఎవరి వెనకాల వస్తాండానో వాళ్ళకు తెలియకుండానే నడిచినా. ఇప్పుడన్నా నేను వస్తాండానని తెలియనీ" అంది.

భాయ్ మొదట సీటు పక్కన ఒక పొడుగు ఇనుప కడ్డీ బిగించాడు. దాన్ని లాగితే క్లచ్చి పడుతుంది. అత్త ఎక్కి చూసి, "ఒక చెయ్యి దీనికి, ఒక చెయ్యి స్టీరింగుకు. మరి గేరు ఎవరేస్తారు? నాకేమన్నా మూడు చేతులుండాయా భాయ్?" అంది. అప్పుడు స్కూటరు సంగతి చెప్పింది. భాయ్ ఆ కడ్డీ పీకేసి, గేరు రాడ్డు పైనే స్కూటరు క్లచ్చి లాంటి పిడి బిగించాడు. నొక్కాలి, రాడ్డు జరపాలి, వదలాలి. మొదటిసారి భాయ్ నడుపుతూ అత్తను పక్కన కూర్చోబెట్టుకుని అయ్యలూరు మెట్ట దాకా పోతే, క్లచ్చి తీగ తెగి ఇద్దరూ దోవలో ఆగిపోయారు. రెండోసారి పిడి మరీ గట్టిగా ఉండి ఆమె అరచెయ్యి కమిలిపోయింది. మూడో పిడికి చెయ్యి కుదిరింది.

భాయ్ పక్కన కూర్చుంటే ఖాళీ మైదానంలో నడపడం నేర్చుకుంది. లైసెన్సు పరీక్ష రోజు అధికారి ఆ పిడిని అటూ ఇటూ తిప్పి చూసి, పక్కన కూర్చుని, కారును ఎత్తు మీదికి ఎక్కించమన్నాడు. ఎక్కించింది. దిగేటప్పుడు, "బ్రేకు బాగుంది. సైలెన్సరు మాత్రం..." అని నవ్వి సంతకం పెట్టాడు.

ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు మేము మొదటిసారి పోయిన పొద్దు నాకు బాగా గుర్తు. శిరివెళ్ళ దాటాక ముందు బస్సు కనిపించింది. అత్త హారను కొట్టి దాన్ని దాటింది. బస్సు కిటికీల్లోంచి జనం తొంగి చూశారు. కాస్త దూరం పోయాక ఆమె కారును రోడ్డు పక్కకు తీసి ఆపేసింది.

"ఏమాయ అత్తా? బండికేమన్నా అయిందా?" అన్నాను.

"ఏం కాలే. బస్సు పోనీ."

బస్సు మమ్మల్ని దాటి పోయింది. ఆమె పిడి నొక్కి గేరు వేసింది. "ఇందాక భయంతో ముందుకే చూసినా. సరిగ్గా చూడలే. ఇంకోసారి దాటుదాం."

రెండోసారి దాటుతూ బస్సును మొదటి నుంచి చివరి దాకా చూసింది. నంద్యాల చేరేదాకా ఆమె పెదవులు బిగించుకునే ఉంది. నవ్వు ఆపుకుంటోందని నాకు తరువాత అర్థమైంది.

ఆ కారులో ఆమె బాగా తిరిగిన ఏండ్లు తక్కువ. టైపు పరీక్షలకు ఆడపిల్లల్ని నంద్యాలకు ఒక్కొక్కరినే తీసుకుపోయేది. చల్లటి వేళ ఒంటరిగా అహోబిలం రోడ్డున పోయి, అడవి మొదలయ్యే చోట కాసేపు ఆగి వచ్చేది. "ఆడ ఏం చేస్తావ్ అత్తా?" అంటే, "ఏం లే. ఎవురూ తీస్కపోకుండా వచ్చినా గదా, అది చూసుకుంటా" అనేది. ఊళ్ళోకి కంప్యూటర్లు వచ్చి టైపు మిషన్లు ఒక్కొక్కటే మూలపడ్డాయి. ఆమె దాని గురించి పెద్దగా దిగులు పడలేదు. నాకు పెళ్ళయి కర్నూలుకు మారేటప్పుడు కూడా నన్ను ఆ కారులోనే దింపుతానని పట్టుబట్టింది. దింపి, టీ కూడా తాగకుండా, వెలుతురుండగానే వెనక్కి పోయింది.

ఆ తరువాత ఆమె భుజాలు నొప్పి చేశాయి. మొదట నూనెతో మర్దన చేయించుకుంది. తగ్గలేదు. కర్నూలులో నేనే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. బతుకంతా కాళ్ళు మోయాల్సిన బరువు భుజాలు మోశాయి, అవి అరిగిపోయాయి అన్నాడాయన. చిన్నప్పటి జబ్బు తాలూకు బలహీనత పెద్దతనంలో మళ్ళీ పైకి పాకుతుందనీ, చేతుల్లో సత్తువ తగ్గుతుందనీ, ఊపిరికి కూడా జాగ్రత్తగా ఉండాలనీ చెప్పాడు. బయటికి వచ్చాక అత్త ఆసుపత్రి అరుగు మీద కూర్చుని అరచేతులు రెండూ తెరిచి చూసుకుంది. "కాలు పోయిందంటే చేతులుండాయి అనుకున్యా. ఇవి కూడా పోతాంటే ఇంక దేన్ని అడగాల మే?" అంది. నేను పట్టుకున్న ఆ అరచేతుల్లో ఆమె కన్నీళ్ళు పడ్డాయి. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మెల్లగా ఎడమ చేతికి పిడి నొక్కే బలం పోయింది. భాయ్ గాలి ఒత్తిడితో క్లచ్చి దానంతట అదే పడే ఏర్పాటు ఒకటి ఉందన్నాడు. దాని సామాన్లు యాడ దొరుకుతాయో కనుక్కుంటానన్నాడు. ఇద్దరూ ఫోనులో దాని గురించి గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. ఆ పని మాటల్లోనే ఉండిపోయింది. కారు రేకుల షెడ్డులో కదలకుండా ఉంది.

నేను అత్తను చూడటానికి పోయిన ఒక ఆదివారం నాయన నంద్యాల నుంచి వచ్చాడు. అత్త గడప మీద కూర్చుని ఉంది. సాసరు ఎత్తలేక టీ గ్లాసులోనే తాగుతోంది. నాయన ఆమెను చూసి, లోపలికి పోయి తాళం తెచ్చాడు.

"పద" అన్నాడు.

"యాడికి?"

"యాడికో ఒకాడికి. నువ్వు కూర్చో. నేను పక్కన కూర్చుంటా. ఆ పిడి నేను పడతా. నువ్వు ఎప్పుడు పట్టమంటే అప్పుడు పడతా."

అత్త తమ్ముడి ముఖంలోకి చూసింది. "నీకు కారు రాదు గదరా."

"నాకెందుకు రావాల? నడిపేది నువ్వు గదా."

నాయన ఎప్పుడూ స్కూటరు తప్ప ఇంకోటి నడిపినవాడు కాదు. కారు అంటే భయం. అయినా ఎడమ సీట్లో కూర్చుని కుడి చెయ్యి పిడి మీద వేశాడు. "పట్టు" అంది అత్త. పట్టాడు. "రాడ్డు ముందుకు నెట్టు. ఇప్పుడు వదులు. మెల్లగా, మెల్లగా..." కారు ఎగిరి పడి ఆగింది. ఇద్దరూ వీధి మధ్యలో ఒకరినొకరు తిట్టుకున్నారు. మళ్ళీ మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి ఆ ఇద్దరూ కలిసి ఒక్క మనిషి నడిపినట్టు నడిపేవాళ్ళు. స్టీరింగూ కుడి కాలి పనీ అక్కవి, క్లచ్చీ గేరూ తమ్ముడివి. ఆదివారం అంగడి మూసేసి నాయన ఆళ్ళగడ్డకు పోవడం, ఇద్దరూ దొర్నిపాడు వైపో, అహోబిలం వైపో తిరిగి రావడం. నేను సెలవులకు వెళ్ళినప్పుడు వెనక ఇరుకులో కూర్చునేదాన్ని. వాళ్ళిద్దరి మధ్య వేరే మాటలు ఉండేవి కావు. "పట్టు." "వదులు." గాలి. మళ్ళీ "పట్టు."

ఆ ఎడమ సీటు రేసు మనిషి పెట్టించిన గట్టి సీటు. తిరిగి వచ్చాక నాయన నడుము పట్టుకుని నిలబడేవాడు. అత్త అది గమనించింది. ఆసుపత్రిలో చేరాక, మూతికి గాలి గొట్టం పెట్టి ఉండగా, నేను చూడటానికి పోయినప్పుడు కూడా ఆమె చెప్పింది అదే. "భాయ్‌తో చెప్పు మే. ఎడమ సీటు మార్పించాల. మీ నాయనకు నడుము నొస్తాంది." మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగింది. తన భుజాల గురించి కానీ, ఊపిరి గురించి కానీ ఏమీ అనలేదు.

కర్మ అయిన మరునాడు సాయంత్రం నాయన రేకుల షెడ్డు తలుపు తీశాడు. "నంద్యాలకు తీస్కపోదాం పద. భాయ్‌తో మాట్లాడినా. సీటు మారుస్తానన్యాడు" అన్నాడు.

"ఇంక ఎందుకులే నాయనా?" అన్నాను.

"అక్క చెప్పింది గదా" అన్నాడు.

నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. నాకు కారు వచ్చు. నా ఎడమ చెయ్యి బాగానే పనిచేస్తుంది, ఆ పిడి నేనే పట్టుకోగలను. అది నాయనకు తెలుసు. అయినా ఆయన వచ్చి ఎడమ సీట్లో కూర్చుని, చెయ్యి పిడి మీద వేసి, ముందుకు చూస్తూ ఉన్నాడు. నేను చాచిన చేతిని వెనక్కి తీసుకున్నాను.

"పట్టు" అన్నాను.

పట్టాడు. రాడ్డు ముందుకు నెట్టాడు. "వదులు" అన్నాను. వదిలాడు. కారు ఒక్క కుదుపు కూడా లేకుండా వీధిలోకి కదిలింది.

ఊరు దాటాక రోడ్డు తిన్నగా ఉంది. చివరి గేరులో పడ్డాం. ఇంక చాలాదూరం గేరు మార్చే పని లేదు. రెండు పక్కలా పత్తి చేలు, కుడివైపు నల్లమల. గాలికి నాయన చొక్కా చెయ్యి రెపరెపలాడుతోంది. కొండల మీద వెలుగు పోయి, ముందు బండ్ల లైట్లు ఒక్కొక్కటే వెలిగాయి. నాయన పిడి మీద నుంచి చెయ్యి తీయలేదు. తల కొద్దిగా నా వైపు వంచి, తరువాతి మాట కోసం వింటూ ఉన్నాడు.